బడ్జెట్: తోలు సంచి నుంచి ఇంటి పద్దు దాకా

ఇంగ్లిషులో బడ్జెట్ అనే మాటకు మొదటి అర్థం సంచి. లాటిన్‌లో 'బుల్గా' అంటే తోలు సంచి. రోమన్లు ఆ మాటను గాల్ ప్రాంతపు కెల్టిక్ భాష నుంచి తీసుకున్నారు. పాత ఫ్రెంచిలో అది 'బూజ్' అయింది. చిన్న సంచి 'బూజెత్' అయింది. పదిహేనో శతాబ్దం నాటికి ఇంగ్లిషువాళ్లు ఈ బూజెత్‌ను తెచ్చుకుని, తమ నోటికి అనువుగా బడ్జెట్ చేసుకున్నారు. ఉబ్బు అనే అర్థంలో ఇంగ్లిషులో వాడే 'బల్జ్' కూడా ఆ సంచి వంశంలోదే. షేక్‌స్పియర్ రాసిన 'ది వింటర్స్ టేల్' నాటకంలో, ఊరూరా తిరిగి గిన్నెలకు మాట్లు వేసేవాళ్ల పందితోలు సంచికి ఇదే పేరు. అప్పటికి ఆ మాటకూ జమాఖర్చులకూ ఏ సంబంధమూ లేదు.

సంచి పేరు మెల్లగా సంచిలోని సరుకుకు కూడా వచ్చింది. కాగితాల కట్ట, వార్తల మూట, రకరకాల విషయాల పోగు అన్నీ బడ్జెట్‌లే అయ్యాయి. గణితవేత్త అగస్టస్ డి మోర్గాన్ పుస్తకం 'ఎ బడ్జెట్ ఆఫ్ పారడాక్సెస్' 1872లో అచ్చయింది. పేరు చూసి ఆర్థికశాస్త్రం అనుకుంటే పొరపాటే. వృత్తాన్ని చతురస్రంగా మార్చేశామని వాదించేవాళ్ల వంటి వింత మేధావుల కథల పోగు అది.

డబ్బు అర్థం ఒక వెటకారం నుంచి పుట్టింది. 1733లో బ్రిటన్ ఆర్థిక వ్యవహారాలు చూస్తున్న రాబర్ట్ వాల్‌పోల్ మద్యం, పొగాకుల మీద ఎక్సైజ్ సుంకం విధించే పథకం సిద్ధం చేశాడు. ప్రత్యర్థులు 'ది బడ్జెట్ ఓపెన్డ్' అనే కరపత్రం వేసి ఆయన్ని ఆటపట్టించారు. సంతలో జనాన్ని పోగుచేసి, సంచీ విప్పి, సర్వరోగాలకూ ఒకటే మందు అంటూ అమ్మే దొంగ వైద్యుడితో పోల్చారు. వ్యతిరేకత పెరిగి వాల్‌పోల్ పథకాన్ని వెనక్కి తీసుకున్నాడు కానీ, ఎగతాళి మాట మాత్రం నిలిచిపోయింది. ఆ శతాబ్దం ముగిసేలోపు ఆర్థికమంత్రి ఏటా సభకు వివరించే ఆదాయవ్యయాల అంచనాకు అదే గౌరవప్రదమైన పేరయింది. ఫ్రెంచివాళ్లు ఒకప్పుడు తాము ఇచ్చిన మాటనే కొత్త అర్థంతో ఇంగ్లిషు నుంచి తిరిగి అప్పు తెచ్చుకున్నారు.

భారతదేశానికి ఈ మాట అప్పుల ఒత్తిడితోనే వచ్చింది. 1857 తిరుగుబాటు తర్వాత ఖజానా చితికిపోయింది. దాన్ని చక్కదిద్దడానికి వచ్చిన జేమ్స్ విల్సన్ 1860లో ఇక్కడి మొదటి బడ్జెట్ ప్రవేశపెట్టాడు, దానితోపాటే ఆదాయపు పన్నునూ తెచ్చాడు. 'ది ఎకానమిస్ట్' పత్రిక స్థాపకుడు ఆయనే. అదే ఏడాది ఆగస్టులో కలకత్తాలో చనిపోయాడు. స్వతంత్ర భారత తొలి బడ్జెట్‌ను ఆర్.కె. షణ్ముఖం చెట్టి 1947 నవంబరు 26న సభ ముందుంచారు. అది ఏడున్నర నెలలకు మాత్రమే వేసిన లెక్క. రాబడి దాదాపు 171 కోట్లు, ఖర్చు దాదాపు 197 కోట్లు. దేశ విభజన నాటి పరిస్థితుల్లో ఆ ఖర్చులో సగానికి దగ్గరగా రక్షణకే పోయింది. సంచి ఆనవాలు చాలాకాలం పోలేదు. ఆర్థికమంత్రులు తోలు పెట్టె చేతపట్టుకుని ఫొటోలకు నిలబడేవారు. 2019లో నిర్మలా సీతారామన్ పెట్టె బదులు ఎర్రబట్టలో చుట్టిన ఖాతా పుస్తకం తెచ్చారు, 2021లో దాని చోట ట్యాబ్లెట్ వచ్చింది.

ఇంత ప్రసిద్ధమైన మాట భారత రాజ్యాంగంలో లేదు. 112వ అధికరణం 'వార్షిక ఆర్థిక నివేదిక' అనే అంటుంది. ఆ పేరు కాగితాలకే పరిమితమైంది, జనం నోట బడ్జెట్టే నిలిచింది.

తెలుగులో ఈ మాట ఇప్పుడు కనీసం నాలుగు అర్థాల్లో తిరుగుతోంది. శాసనసభలో అది ఏడాది మొత్తానికి వేసిన ప్రణాళిక. చీరల దుకాణంలో "మీ బడ్జెట్ ఎంతమ్మా?" అని అడిగితే గరిష్ఠ పరిమితి ఎంత అని. సినిమావాళ్ల మాటల్లో ఖర్చు: భారీ బడ్జెట్ చిత్రం అంటే చాలా డబ్బు పెట్టిన చిత్రం, బడ్జెట్ దాటిందంటే నిర్మాత తల పట్టుకున్నాడని అర్థం. బడ్జెట్ ఫోన్, బడ్జెట్ హోటల్ అన్నచోట చవక అని మాత్రమే. ఈ చివరి అర్థం ఇరవయ్యో శతాబ్దపు వ్యాపార ప్రకటనల పుణ్యం. క్రియల్లోనూ తేడా ఉంది. ప్రభుత్వం బడ్జెట్ ప్రవేశపెడుతుంది, ఇల్లాలు బడ్జెట్ వేసుకుంటుంది, నిర్మాత బడ్జెట్ పెడతాడు.

ఈ అర్థాలు కలగలిసిపోవడం వల్ల ఇళ్లలో నష్టం జరుగుతోంది. బడ్జెట్ అనగానే చాలామందికి చవక అర్థమో, పరిమితి అర్థమో తడుతుంది; నోరు కట్టుకోవడం, పిల్లలకు లేదనడం గుర్తొస్తాయి. అందుకే లెక్కలు వేసుకుందామంటే ఇంట్లో సగంమంది మొహం ముడుచుకుంటారు. నిజానికి శాసనసభ అర్థంలో బడ్జెట్‌కూ పిసినారితనానికీ పొత్తు లేదు. లక్షల కోట్లు ఖర్చుపెట్టే సంస్థ ఆ డబ్బు ఎటు పోవాలో ముందే తేల్చుకునే పద్ధతి అది. ఇంకో పొరపాటు కూడా ఉంది. రోజూ ఖర్చులు రాసిపెట్టుకునేవాళ్లు తమకు బడ్జెట్ ఉందనుకుంటారు. వాళ్ల దగ్గరున్నది జమాఖర్చుల పుస్తకం. అయిపోయిన ఖర్చు అందులోకి ఎక్కుతుంది. బడ్జెట్‌లో ఖర్చు ఇంకా జరగలేదు, దాన్ని మార్చే అవకాశం చేతిలోనే ఉంది. ఉగాది పంచాంగ శ్రవణంలో ప్రతి రాశికీ ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని చదువుతారు. ఆదాయం కంటే వ్యయం ఎక్కువ వచ్చిన రాశివాళ్లు కాసేపు దిగులుపడి, పచ్చడి తిని మరిచిపోతారు. ఆ అంకెలు వినడం వరకే వాళ్ల వంతు. ఇంటి బడ్జెట్‌లో అంకెలు వేసేది ఇంటివాళ్లే.

ఇంటికి పనికొచ్చే పద్ధతి కోసం ఎక్కడో వెతకనక్కర్లేదు. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెలుగు పత్రికలు నింపే పదజాలంలోనే అది ఉంది: పద్దులు, సవరించిన అంచనాలు, రెవెన్యూ లోటు, మూలధన వ్యయం, ఆగంతుక నిధి. ప్రభుత్వాలు వీటిని ఎంత బాగా పాటిస్తున్నాయన్నది వేరే సంగతి, చట్రం మాత్రం గట్టిది.

మొదటిది ఓటింగ్ సంగతి. 112వ అధికరణమే కొన్ని ఖర్చులను ప్రభుత్వ రాబడి చేరే సంచిత నిధి మీద నేరుగా మోపుతుంది. రాష్ట్రపతి జీతభత్యాలు, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల జీతాలు, ప్రభుత్వ అప్పుల మీద వడ్డీ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. వాటి మీద సభలో చర్చ జరగవచ్చు కానీ ఓటింగ్ ఉండదు. మిగిలినవన్నీ పద్దులుగా సభ ఆమోదానికి వస్తాయి. ఇంటికీ ఈ విభజన అచ్చంగా సరిపోతుంది. అద్దె, అప్పు కంతు, బడి ఫీజు, బీమా ప్రీమియం ఓటింగ్ లేని ఖర్చులు. వాటిని ముందు పక్కన పెట్టేస్తే, భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోవాల్సింది మిగతా వాటి గురించే. నెలకోసారి జరిగే కీచులాట చాలావరకు ఈ రెండింటినీ కలిపేయడం వల్ల వచ్చేదే. బడి ఫీజు మీద వాదించి సాధించేది ఏమీ ఉండదు, బయట తిండి మీద ఉంటుంది.

రెండోది ఏడాది అనే కొలత. ప్రభుత్వం ఏప్రిల్ నుంచి మార్చి దాకా పన్నెండు నెలలకు లెక్క వేస్తుంది. నెలవారీ బడ్జెట్ జీతగాళ్ల అలవాటు, అందులో పెద్ద చిల్లు ఉంది. నెలకు 45,000 రూపాయలు చేతికొచ్చే ఒక కుటుంబాన్ని ఊహించవచ్చు. అద్దె 11,000. బండి అప్పు కంతు 5,500. కిరాణా, పాలు, కూరగాయలు, గ్యాస్ 11,000. కరెంటు, ఫోన్లు, పెట్రోలు 4,500. మొత్తం 32,000. నెలనెలా 13,000 మిగులుతున్నట్టు కనిపిస్తుంది. అయినా ఏడాది తిరిగేసరికి చేతిలో అంత డబ్బు ఉండదు, ఎక్కడికి పోయిందో అర్థం కాదు. పోయినచోటు కనుక్కోవడం కష్టం కాదు. జూన్‌లో బడి ఫీజులు 48,000, ఏడాది బీమా 18,000, సంక్రాంతికీ దసరాకూ బట్టలూ ప్రయాణాలూ కలిపి 24,000, బంధువుల పెళ్లిళ్ల చదివింపులకూ రాకపోకలకూ 12,000. ఇవన్నీ కలిపితే 1,02,000. పన్నెండు నెలలకు పంచితే నెలకు 8,500. అంటే ఈ కుటుంబానికి నిజంగా మిగిలేది 13,000 కాదు, 4,500. ఈ ఒక్క భాగహారం చేయకపోవడం వల్లే జూన్‌లో బంగారం తాకట్టుకు వెళుతుంది. జీతం పడిన రోజే ఆ 8,500 వేరే ఖాతాలో వేసేస్తే, ఫీజు కట్టాల్సిన నెల మిగతా నెలల్లాగే గడిచిపోతుంది.

పంట మీద బతికే ఇంటికి నెల అసలు కొలతే కాదు. ధాన్యం డబ్బు ఏడాదికి రెండుసార్లు వస్తుంది, పత్తి డబ్బు ఒకసారే. అక్కడ పంట చేతికొచ్చిన రోజునే వచ్చే పంట దాకా లెక్క తేలాలి. ఆటో నడిపేవాళ్లు, కూలిపని చేసేవాళ్లు, చిన్న దుకాణదారులు సగటు ఆదాయం మీద కాకుండా, ఏడాదిలో బాగా తక్కువ వచ్చిన రెండు మూడు నెలల మీద లెక్క కట్టుకోవడం క్షేమం. రాష్ట్రాల బడ్జెట్లలో రాబడిని ఎక్కువగా చూపే అలవాటును, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలు ఎత్తిచూపుతూనే ఉంటాయి. ఇంట్లో దానికి సమానమైనది ఇంకా ప్రకటించని బోనస్‌నో, బావమరిది తిరిగి ఇస్తానన్న చేబదులునో రాబడి కింద రాసుకోవడం.

మూడోది లోటు. ప్రభుత్వ లెక్కల్లో రెవెన్యూ వ్యయం, మూలధన వ్యయం వేరు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు మొదటిదాంట్లోకి, రోడ్లు, ప్రాజెక్టులు రెండోదాంట్లోకి వస్తాయి. అప్పు చేయడమే తప్పని చాలామంది ఆర్థికవేత్తలు అనరు. అప్పు తెచ్చి రోజువారీ ఖర్చు గడిపితే దాన్ని రెవెన్యూ లోటు అంటారు, అదే అసలు జబ్బు. ఇల్లు కట్టడానికి, పిల్లల చదువుకు, కుట్టుమిషన్ కొనడానికి చేసే అప్పు ఒక రకం. క్రెడిట్ కార్డు మీద విందులు, పండగ బట్టలు కొని కనీస మొత్తం మాత్రమే కడుతూ పోవడం ఇంకో రకం. కార్డుల మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ మామూలు, ఏడాదికి అది 42 శాతం. వీధి చివర వడ్డీ వ్యాపారి నూటికి మూడు రూపాయలంటే గుండె గుభేలుమనేవాళ్లు కూడా, అంతకంటే ఎక్కువ వడ్డీని నీలిరంగు కార్డు మీద నిశ్శబ్దంగా కట్టేస్తున్నారు.

నాలుగోది ఆగంతుక నిధి. ముందుగా ఊహించలేని ఖర్చు కోసం రాజ్యాంగం 267వ అధికరణంలో దీన్ని ఏర్పాటు చేసింది. కేంద్రం నిధి చాలాకాలం 500 కోట్ల దగ్గరే ఉండి, 2021లో 30,000 కోట్లకు పెరిగింది. అందులోంచి తీసిన డబ్బుకు తర్వాత పార్లమెంటు ఆమోదం పొంది, ఖాళీ అయిన మేర మళ్లీ నింపాలి. ఈ చివరి నియమమే ఇళ్లలో తప్పిపోతోంది. మూడు నుంచి ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా ఉంచుకోమని అందరూ చెబుతారు, చాలామంది మొదలుపెడతారు కూడా. ఒకసారి ఆసుపత్రికో, ఫ్రిజ్ మరమ్మతుకో తీశాక మళ్లీ నింపడం జరగదు. చిట్టీని ఆగంతుక నిధిగా లెక్కపెట్టుకోవడం ఇంకో అలవాటు. చిట్టీ పాట నెలకోసారి, జ్వరం ఎప్పుడైనా రావచ్చు. పైగా తొందరలో పాడితే కోత ఎక్కువ. పోపుల డబ్బాలో అమ్మమ్మలు దాచిన నోట్లకు వడ్డీ రాకపోయినా, అర్ధరాత్రి అవసరానికి అందేవి.

తర్వాతది పద్దుల మధ్య గీత. ఒక పద్దు డబ్బు ఇంకో పద్దుకు మళ్లించాలంటే ప్రభుత్వంలో దానికో తంతు ఉంటుంది. ఇంట్లో ఆ తంతుకు ప్రాణం పోసేది కవర్ల పద్ధతి: పాలు, కిరాణా, ప్రయాణం అని రాసిన కవర్లలో నోట్లు పెట్టుకోవడం. డబ్బు డబ్బే కదా, ఏ కవరులో ఉంటే ఏమిటని తర్కం అడుగుతుంది. మనుషులు అలా ఆలోచించరని, డబ్బుకు మనసులోనే పేర్లు పెట్టి విడివిడిగా చూస్తారని ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ వివరించారు, దానికి 'మానసిక లెక్కలు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆయనకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ అలవాటు వల్ల చేటూ ఉంది: ఒక ఖాతాలో డబ్బు మూలుగుతుండగా ఇంకో అవసరానికి అధిక వడ్డీకి అప్పు చేసేవాళ్లు ఉంటారు. మేలు మాత్రం ఎక్కువే. యూపీఐ వచ్చాక కవర్లు చిరిగిపోయాయి, అన్ని ఖర్చులూ ఒకే ఖాతాలోంచి ఒకే శబ్దంతో వెళ్లిపోతున్నాయి. రోజువారీ ఖర్చుకు విడిగా ఒక చిన్న ఖాతా పెట్టుకుని, వారానికింత అని అందులోకి పంపుకుంటే, పాత కవరు ఫోన్‌లోకి వచ్చినట్టే.

ప్రభుత్వం నుంచి నేర్చుకోకూడనిది కూడా ఒకటుంది. మార్చి 31లోపు వాడకపోతే నిధులు మురిగిపోతాయన్న భయంతో ఆ నెలలో కార్యాలయాలు హడావుడిగా ఖర్చుపెడతాయి. ఇంట్లో నెలాఖరుకు ఓ పద్దులో మిగిలింది మురిగిపోదు, వచ్చే నెలకు మోసుకుపోవచ్చు. గత ఏడాది అంకె మీద పది శాతం కలిపి కొత్త అంకె వేసే పద్ధతి కూడా అలాంటిదే. దీనికి విరుగుడుగా టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో పీటర్ పైర్ 'జీరో బేస్' బడ్జెట్‌ను రూపొందించాడు. 1970లో దాని గురించి వ్యాసం రాశాడు. జార్జియా గవర్నరుగా ఉన్న జిమ్మీ కార్టర్ దాన్ని తన రాష్ట్రంలో ప్రవేశపెట్టాడు. ప్రతి ఖర్చూ సున్నా దగ్గర మొదలై తన అవసరాన్ని నిరూపించుకోవాలన్నది అందులోని సారం. ఏటా ఇంత శ్రమ ఏ ఇల్లూ పడలేదు, పడనక్కర్లేదు. ఖాతాలోంచి తమంతట తామే కోతపడే ఓటీటీ చందాలు, వాడని జిమ్ సభ్యత్వం, ఎవరూ చూడని డీటీహెచ్ ప్యాకేజీ మీద ఏడాదికోసారి ఈ ప్రశ్న వేస్తే చాలు.

పుస్తకం ఎలా ఉండాలన్నదానికి కూడా బడ్జెట్ పత్రాల్లోనే నమూనా ఉంది. అక్కడ ప్రతి పద్దుకూ నాలుగు గడులు ఉంటాయి: అంతకు ముందటి ఏడాది వాస్తవ లెక్క, నడుస్తున్న ఏడాదికి మొదట వేసిన అంచనా, అదే ఏడాదికి సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. మూడో గడి చాలా విలువైనది. వేసిన అంచనా తప్పుతుందని ముందే ఒప్పుకుని, తప్పినప్పుడు రాయడానికి చోటు పెట్టడం అది. ఇళ్లలో బడ్జెట్లు రెండో నెలలోనే ఆగిపోవడానికి కారణం కూరగాయలకు అనుకున్నదానికంటే 900 ఎక్కువ కావడం, దాంతో మొత్తం పుస్తకమే అబద్ధమనిపించడం. సవరించిన గడి ఉంటే ఆ 900 అక్కడికి ఎక్కుతుంది, ఏ పద్దులోంచి తగ్గించారో పక్కన రాస్తారు, పని సాగిపోతుంది. మూడు నెలలకోసారి ఈ గడి నింపితే సరిపోతుంది.

డబ్బుతో సంబంధం లేనిచోట కూడా ఈ మాట స్థిరపడింది. వారానికున్న 168 గంటలను పంచుకోవడం కాలపు బడ్జెట్. భూతాపం ఒక హద్దు దాటకుండా మనుషులు ఇంకా ఎంత కార్బన్ డయాక్సైడ్ వదలవచ్చన్న లెక్కను శాస్త్రవేత్తలు కార్బన్ బడ్జెట్ అంటారు. తెలుగు నేల మీద వీటన్నిటికంటే పనికొచ్చింది నీటి బడ్జెట్. 2000 దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం వంటి చోట్ల, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో భూగర్భజలాల మీద రైతులే నడిపిన కార్యక్రమం ఒకటి సాగింది. రైతులు వాన ఎంత కురిసిందో కొలిచారు, కొన్ని బోర్లను ఎంచుకుని నీటిమట్టం క్రమం తప్పకుండా చూశారు, మోటారు ఎంతసేపట్లో ఎంత నీరు పోస్తోందో లెక్కగట్టారు. రబీ విత్తనం పడకముందే ఊరివాళ్లు కూర్చుని, భూమిలో ఉన్న నీరు ఎంత, అందరూ వేయాలనుకుంటున్న పంటలకు కావాల్సింది ఎంత అని పక్కపక్కన రాసుకున్నారు. చాలాసార్లు లోటే తేలింది. ఎవరు ఏ పంట వేయాలో శాసించే అధికారం ఆ సమావేశానికి లేదు, జరిమానా లేదు, రాయితీ కూడా లేదు. లెక్క తెలిశాక చాలామంది రైతులు తమంతట తామే వరి తగ్గించి, తక్కువ తడులతో పండే పంటల వైపు మళ్లారు.